చిన్నాయన తోటకు ట్రస్టీని నేనే, కౌలుకు నేనే తీసుకోవచ్చా?

బత్తాయి రైతు, దేవరకొండ
మా చిన్నాయన పోయిన ఏడాది చనిపోయారు. ఆయనకు ఒక్కడే కొడుకు. మా తమ్ముడికి పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా ఉండని స్థితి. తన తర్వాత వాడికి ఏ లోటూ రావొద్దని మూడెకరాల బత్తాయి తోట, బ్యాంకు డిపాజిట్ కలిపి ట్రస్టు రాసి, రిజిస్టర్ చేయించారు. నేను, మా మేనత్త కొడుకు ట్రస్టీలం, అంటే వాడి కోసం ఆ ఆస్తిని చూసుకునేవాళ్లం. తోట చూసే మనిషి లేడు, చెట్లు ఎండుతున్నాయి. నా చేను పక్కనే, బోరు కూడా ఉంది. నేనే కౌలుకు చేసి, బయటివాళ్లు ఇచ్చేదానికన్నా ఎక్కువే వాడి ఖాతాలో వేద్దామనుకున్నా. మా బావ మాత్రం "వద్దు, రేపు మాట పడతాం" అంటున్నాడు. వాడి కడుపు కొట్టే ఆలోచన నాకు లేదు. ఇందులో తప్పేముంది?

అడ్వకేట్, నల్గొండ
మీ బావ మాట వినండి అన్నా. కౌలు అడిగేదీ మీరే, ఇచ్చేదీ మీరే అయితే తమ్ముడి తరఫున బేరమాడేది ఎవరు? 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం సెక్షన్ 51 ప్రకారం ట్రస్టు ఆస్తిని ట్రస్టీ తన లాభానికి వాడుకోకూడదు. మనసు ఎంత మంచిదైనా ఈ నియమం మారదు. తోటను బయటివాళ్లకు ఇవ్వండి. నలుగురైదుగురిని అడిగి, ఎవరెంత అన్నారో రాసిపెట్టండి. న్యాయంగా రాగలిగిన మంచి కౌలు రాబట్టాలనీ, కోర్టు అనుమతి లేకుండా 21 ఏళ్లు దాటి ఇవ్వకూడదనీ సెక్షన్ 36 చెబుతుంది. కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. ట్రస్టు పత్రంలో వేరేలా రాసి ఉంటే తప్ప, ఒక్క ట్రస్టీ నిర్ణయం చెల్లదు.

పత్రంలో రాయకపోతే మీ కష్టానికి జీతం తీసుకోవడం కుదరదు. ట్రస్టు పనికి పెట్టిన సొంత ఖర్చు మాత్రం రసీదు చూపి తీసుకోవచ్చు. ఎక్కడైనా సందేహం వస్తే సెక్షన్ 34 కింద జిల్లా కోర్టు సలహా అడిగే దారి ఉంది.

పాలమూరు ఆడబిడ్డ
అన్నా, మాకు జరిగింది చెప్తా. నాన్న పోయినప్పుడు నేనూ చెల్లెలూ చిన్నవాళ్లం. మా పేర్ల మీద పెట్టిన డబ్బుకు మా మేనమామ ట్రస్టీ. ఆ డబ్బును తన సొంత ఖాతాలోనే వేసుకుని, అందులోంచే మా ఫీజులు, హాస్టల్ ఖర్చు కట్టాడు. ఒక్క రూపాయి తినలేదని ఈ రోజుకీ నమ్ముతా. ఆయన హఠాత్తుగా పోయాక మా బావలు "అది మా నాన్న డబ్బే" అన్నారు. ఇంట్లో వెతికితే ఒక నోటుబుక్కు దొరికింది. మొదటి నాలుగు పేజీల్లోనే లెక్క ఉంది, మిగతాదంతా తెల్లకాగితం. చెల్లెలి పెళ్లికి ఆ ఇంటి నుంచి ఒక్కరూ రాలేదు. డబ్బు పోయిందన్న బాధకన్నా అదే ఎక్కువ.

అడ్వకేట్, నల్గొండ
అక్కా, ఇది చాలా ఇళ్లలో జరిగేదే. సరైన లెక్క రాయడం, అడిగినప్పుడు చూపించడం సెక్షన్ 19 ప్రకారం ట్రస్టీ బాధ్యత. ట్రస్టును ఉల్లంఘించి నష్టం చేస్తే సెక్షన్ 23 కింద సొంత జేబులోంచి పూడ్చాలి. అందుకే విడి ఖాతా తప్పనిసరి అనుకోండి.

జడ్చర్ల నుంచి
మా ఊరి గుడి మాన్యానికీ ఇదే చట్టమా?

అడ్వకేట్, నల్గొండ
కాదు తమ్ముడూ. 1882 చట్టం ప్రైవేటు ట్రస్టులకు. గుడుల సంగతి 1987 నాటి దేవాదాయ చట్టం చూస్తుంది.

మిర్యాలగూడ అమ్మ
నా బిడ్డదీ ఇదే పరిస్థితి. ట్రస్టు ఆస్తిని చూస్తుంది, మనిషిని చూసే గార్డియన్ వేరే ఉండాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌ను నియమించే లోకల్ లెవల్ కమిటీ జిల్లాలో ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ కూడా అందులోకి వస్తుంది. దరఖాస్తు పెట్టండి బాబూ, ఆలస్యం చేయొద్దు.

బత్తాయి రైతు, దేవరకొండ
అందరికీ దండాలు. తోట నేను తీసుకోను. ఐదుగురిని అడిగితే ముగ్గురు రేటు చెప్పారు, ఎక్కువ అన్నవాళ్లతో ఏడాదికి కాగితం రాసుకున్నాం. ట్రస్టు పేరున విడిగా ఖాతా తెరిచాం. వాళ్లు తోటలోకి దిగేవరకూ నా బోరు నీళ్లు ఊరికే పారిస్తున్నా. కొత్త లెక్కల పుస్తకంలో మొదటి పద్దు కంచె రిపేరుది, 1,850 రూపాయలు. రసీదు పక్కనే అంటించాను, కింద బావ సంతకం పెట్టాడు.