ధర్మాబాద్‌లో రెండో పనిని ఏమని చెప్పాలి?

కొత్తగా వచ్చినవారు: నిజామాబాద్ నుంచి మహారాష్ట్రలోని ధర్మాబాద్ వచ్చి నెలయింది. పగలు కొట్టులో పని, రాత్రిళ్లు ఇంకోచోట లెక్కలు రాస్తాను. సేఠ్‌కు తెలియదు. కిరాయికి ఇల్లు చూస్తుంటే ఓనర్ సంపాదన ఎంతని అడుగుతున్నారు. ఈ రెండో పనిని మరాఠీలో ఏమంటారు?

దెగ్లూర్ నుంచి: తమ్ముడూ, ఇంటి సంగతి తర్వాత. ముందు ‘వర్చీ కమాయీ’ అనే మాట నోట రానివ్వకు. వర్ అంటే పైన, కమాయీ అంటే సంపాదన. జీతం మీద వచ్చేది కాబట్టి సరిపోతుందని నేనూ అనుకున్నాను. ఇక్కడ దానికి లంచం అని అర్థం, మన ‘పై సంపాదన’ లాగే. పప్పుమిల్లులో గుమాస్తాగా ఉన్నప్పుడు ఇల్లు చూపించినాయనతో ఆ మాట అన్నాను. ఆయన మా సేఠ్‌కు దోస్తు. తెల్లారి సేఠ్ పిలిచి, తూకంలో ఎవరి దగ్గర ఎంత తిన్నావని హమాలీల ముందే అడిగాడు. సాయంత్రాలు ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తున్నానని చెప్పక తప్పలేదు. దొంగను కాదని తేలింది, పని మాత్రం పోయింది. మా ఆవిడ పురిటికి వెళ్లిన నెల అది. నువ్వు ‘జోడ్‌ధందా’ అను. రైతు సేద్యంతో పాటు బర్రెలను పెట్టుకుంటే అనే మాట, అందులో తప్పేం లేదు.

బిలోలి నుంచి: అన్నా, జోడ్‌ధందా అంటే సొంత వ్యాపారం. ఇంకొకరి దగ్గర జీతానికి చేస్తే ‘దుహేరీ నోకరీ’. 2022లో సాఫ్ట్‌వేర్ కంపెనీ విప్రో, ఇలా ఇంకోచోట కూడా చేస్తున్నారని 300 మందిని తీసేశాక ‘మూన్‌లైటింగ్’ అంటే కూడా అందరికీ తెలుసు. రెండు చోట్లా పీఎఫ్ కడితే దాగదు, 12 అంకెల యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, మనిషికి ఒకటే.

దెగ్లూర్ నుంచి: కొట్టులో పనిచేసే పిల్లాడికి పీఎఫ్ ఎక్కడిది?

బిలోలి నుంచి: ఇవాళ కొట్టు, రేపు ఫ్యాక్టరీ. ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో చేయకూడదని 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది, 60వ సెక్షన్.

ధర్మాబాద్ నుంచి: పేరు ఏది పెట్టినా ఓనర్ చెవిన పడితే సేఠ్‌కు చేరుతుంది. ముందు సేఠ్‌కు నువ్వే చెప్పు. కొట్టు మూశాకే ఆ పని చేస్తానని, ఆయన పోటీదారు దగ్గర చేయనని నేను చెప్పాను, ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఓనర్‌కు కొట్టు జీతం ఒక్కటే చెప్పి, దానికి తగిన గదే చూసుకో. మా వీధిలో ఒకటి ఖాళీగా ఉంది, ఆదివారం రా, చూపిస్తాను.