హవానాలోనా, మయామీలోనా? క్యూబా భోజనం మీద పంచాయితీ

ఉప్పుకారం (డాలస్):
తిట్టదలుచుకున్నవాళ్లు మొత్తం చదివాకే తిట్టండి. పోయిన డిసెంబర్లో నేనూ మా ఆవిడా ఎనిమిది రోజులు హవానా, త్రినిదాద్ (ఆ పేరున్న దేశం కాదు, క్యూబాలోనే ఒక ఊరు) తిరిగొచ్చాం. ఊళ్లకి వంక పెట్టలేం, మనుషులు మరీ మంచోళ్లు. నా పేచీ అంతా తిండి దగ్గరే.

మొదటి రోజు ఆకలి మీద ఒక సర్కారు హోటల్లో కూర్చున్నాం. మెనూ మూడు పేజీలు. రోపా వియేహా చెప్పాను. పేరుకి అర్థం 'పాత గుడ్డలు'. గొడ్డుమాంసాన్ని పీచులు పీచులుగా విడదీసి టమాటా, క్యాప్సికంతో మగ్గబెట్టేది. 'నో ఆయ్' అన్నాడు, అంటే లేదని. చేప? నో ఆయ్. పంది? అదీ నో ఆయ్. మూడు పేజీలూ తిప్పాక తేలింది ఒక కోడికాలు, అన్నం, నాలుగు కీర ముక్కలు, తరిగిన క్యాబేజీ. కారం సంగతి వదిలేయండి, బల్ల మీద మిరియాల పొడి కూడా లేదు.

అదే మయామీలో కాయె ఓచో వీధిలో ఏ హోటల్లో దూరినా మెనూలో ఉన్నది వంటింట్లోనూ ఉంటుంది. అందుకే అంటున్నా, క్యూబా తిండి కోసం క్యూబా వెళ్లడం దండగ. వెళ్లి పాత కార్లు చూడండి, హవానా సముద్రపుటొడ్డున మలెకోన్ గోడ మీద కూర్చోండి, భోజనం మాత్రం మయామీలో చేయండి. కాదంటే ఎందుకో చెప్పండి.

కోనసీమ కుర్రాడు:
అన్నా, నవ్వాగట్లేదు. ఆయ్ అంటే వాళ్ల భాషలోనూ 'ఉంది' అనేనంట కదా! మేం పొద్దున లేస్తే ఆయ్ ఆయ్ అంటూనే ఉంటాం. మమ్మల్ని హోటల్లో పెడితే అన్నీ ఉన్నాయనుకుంటారు.

టాంపా తులసి:
ఉప్పుకారం గారి మాటలో సగం ఒప్పుకుంటాను. ఇక్కడ టాంపాలో ఈబోర్ సిటీ అని పేట ఉంది, ఒకప్పుడు చుట్టల ఫ్యాక్టరీలుండేవి. ఆ కార్మికులు తిన్నదే 'క్యూబన్ శాండ్‌విచ్' అంటారు మావాళ్లు. హామ్, కాల్చిన పంది, స్విస్ చీజ్, దోస పికిల్, ఆవపేస్టు, పైన బరువు పెట్టి అణిచి కాలుస్తారు. మేం సలామీ కూడా వేస్తాం, మయామీవాళ్లు వెయ్యరు. పెసరట్టులో ఉప్మా ఉండాలా వద్దా అన్నంత గొడవ అది. హవానాలో అదే అడిగితే బన్నులో ఒక హామ్ ముక్క, ఒక చీజ్ ముక్క పెట్టిచ్చారు. 1959లో క్యాస్ట్రో విప్లవం తర్వాత మొదట దేశం వదిలినవాళ్లలో డబ్బున్నవాళ్లు, వ్యాపారులు ఎక్కువ. వంటకాలు కూడా వాళ్లతోనే దాటిపోయాయి.

ఎర్రజెండా:
వంటకాలు దాటిపోలేదు మేడమ్, సరుకులు ఆగిపోయాయి. 1962 నుంచి అమెరికా దిగ్బంధం. అదే ఏడాది రేషన్ పుస్తకం మొదలైంది, లిబ్రెతా అంటారు. 1991లో, అండగా ఉన్న సోవియట్ యూనియన్ పోయాక వచ్చిన కరువు రోజుల్లో గ్రేప్‌ఫ్రూట్ తొక్కని నానబెట్టి, పిండిలో ముంచి, వేయించి మాంసం అనుకుని తిన్నారు. 1992లో మన దేశంలో కమ్యూనిస్టులు చందాలు పోగేసి 10,000 టన్నుల గోధుమలు ఓడలో పంపారు. మా నాన్న బెజవాడలో డబ్బా పట్టుకుని తిరిగినవాళ్లలో ఒకరు. అక్కడికెళ్లి మిరియాల పొడి లేదని అలగడం బాగాలేదు.

ఉప్పుకారం:
నాన్నగారికి దండం. కానీ 2021 దాకా రైతు తను పెంచిన పశువుని తనే కోసి మాంసం అమ్ముకోడానికి వీల్లేదు. చుట్టూ సముద్రం, చేప నో ఆయ్. ఒకప్పుడు ఏటా 70, 80 లక్షల టన్నుల పంచదార తీసిన దేశం ఇప్పుడు పంచదార బయట కొంటోంది. ఇదంతా అమెరికా ఖాతాలోనే వేస్తారా?

కందిపొడి:
ఇద్దరూ కాసేపు కంచంలోకి రండి.

ఉప్పుకారం గారు తిన్నది సర్కారు హోటల్లో. దాన్ని బట్టి క్యూబా వంటకి మార్కులు వెయ్యడం రైల్వే క్యాంటీన్ భోజనం తిని తెలుగు వంటని తూచినట్టుంటుంది. 1990ల్లో ఇళ్లలో హోటల్ నడుపుకోడానికి అనుమతిచ్చారు, 12 కుర్చీలకి మించకూడదని షరతు. వాటికి పలదార్ అనే పేరు అప్పట్లో టీవీలో వచ్చిన బ్రెజిల్ సీరియల్ నుంచి అంటుకుంది, అందులో నాయిక నడిపే హోటల్ పేరది. మంచి వంట వాటిల్లో దొరుకుతుంది. అంతకన్నా మంచిది కాసాల్లో, అంటే గది అద్దెకిచ్చే ఇళ్లలో. రాత్రికి తింటామని పొద్దున్నే చెప్పాలి, అంతే.

మేం బరకోవాలో నాలుగు రోజులున్నాం. తూర్పు కొసన ఉన్న ఊరు. 1960ల్లో కొండల మీదుగా లా ఫరోలా రోడ్డు వేసేదాకా రాకపోకలు సముద్రం మీదే. అందుకేనేమో దాని వంట దానిదే. మొదటి రాత్రి కొబ్బరిపాలలో ఉడికించిన చేప పెట్టారు. పసుపు రంగు పులుసు, కొత్తిమీరలాంటి వాసన వేసే ఆకు. కోనసీమ కుర్రాడు తింటే అక్కడే ఇల్లు కట్టుకుంటాడు. పక్కన కర్రపెండలం, మన పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే దుంపే. మెత్తగా ఉడికిన ముక్కల మీద, వెల్లుల్లి వేగుతున్న నూనెలో నారింజ రసం పిండి సుయ్యిమని పోశారు. దాన్ని మోహో అంటారు. నేనైతే తిరగమోత అంటాను. నారింజని వాళ్లు నరాంహా అంటారు, మాట కూడా మన వైపు నుంచి వెళ్లిందే. తీపి కమలా కాదు, మన పెరళ్లలో కాసే పుల్లటి, చేదు తగిలే రకం.

కారం ఉండదు, నిజం. అహీ కచూచా అని చిన్న మిరపకాయ వేస్తారు, చూస్తే నోరు మండేలా ఉంటుంది, కొరికితే వట్టి సువాసన. రెండో రోజుకి నాలుక సర్దుకుంది.

ఇప్పుడు కాఫీ. ఆ ఇంటావిడ మోకా పాత్రలోంచి దిగిన మొదటి నాలుగు చుక్కలు గ్లాసులో పంచదార మీద వేసి, చెంచాతో టకటకమని గిలక్కొట్టింది. తెల్లబడి నురగొచ్చాక మిగతా డికాషన్ పోసింది. రేషన్ కాఫీపొడిలో వేయించిన బఠాణీలు కలుపుతారు, మనం చికోరీ కలుపుకున్నట్టు. మూడో రోజు మా ఆయన పాలు కావాలన్నారు. ఆవిడ లోపలికెళ్లి పాలపొడి కలిపి తెచ్చింది. తర్వాత మాటల్లో తెలిసింది, ఆ పొడి మనవడి రేషన్. అక్కడ పాలకోటా ఏడేళ్ల లోపు పిల్లలకి. మేం మళ్లీ పాలు అడగలేదు. వెళ్లేటప్పుడు మా పెట్టెలో ఉన్న పాలపొడి డబ్బా ఇస్తే ఆవిడ దాన్ని వెంటనే బీరువాలో పెట్టి తాళం వేసింది.

మయామీలో దొరికేది 1950ల నాటి క్యూబా కంచం. రుచిగా ఉంటుంది, కాదనను. దీవిలో వంట ఆ తర్వాత అరవై ఏళ్లు లేమితో కాపురం చేసింది. పలదార్లలో రోపా వియేహాని ఇప్పుడు గొర్రె మాంసంతో కూడా చేస్తారు. అది తక్కువ క్యూబాది ఎలా అవుతుంది?

ఎర్రజెండా:
ఆ పాలపొడి సంగతే నేను చెప్పబోయింది కూడా. 2024 సెప్టెంబర్లో రోజువారీ రేషన్ రొట్టెని 80 గ్రాముల నుంచి 60కి తగ్గించారు. పలదార్లో లాబ్‌స్టర్ తెప్పించుకుని ఫోటో పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కందిపొడి:
అన్నగారూ, మీరు చెప్పబోయింది వేరు. మీరు వంక పెట్టొద్దన్నారు. నేను ఆవిడ చేతికి డబ్బిచ్చి తినమంటున్నాను. మేం తిన్న గుడ్లు ఆవిడ బజార్లో కొన్నవే, మాలాంటివాళ్లు కొనడం వల్ల పక్కింటివాళ్లకి ధర పెరుగుతుందనీ తెలుసు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఉప్పుకారం:
అక్కా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. 'నువ్వు సర్కారు హోటల్ అన్నప్పుడే చెప్పాను' అంది. సరే, త్రినిదాద్‌లో మా కాసాలో తిన్న తొస్తోనెస్ బాగున్నాయని ఒప్పుకుంటా. కూర అరటిని లావుగా కోసి ఒకసారి వేయించి, సీసా అడుగుతో ఒత్తి, మళ్లీ వేయించారు. అయితే హవానా నుంచి బరకోవాకి బస్సులో దాదాపు ఒక రోజు. వారం సెలవు దొరికినవాడు మంచి భోజనం కోసం దీవి ఆ కొసకి పోవాలంటే నా వాదన ఇంకా నిలబడే ఉంది.

కోనసీమ కుర్రాడు:
ఇంత చర్చలో మందు మాటే లేదేంటి?

ఉప్పుకారం:
అక్కడ మయామీ ఓడిపోయింది తమ్ముడూ. త్రినిదాద్‌లో కంచంచరా అని మట్టి చిప్పలో ఇస్తారు. చెరకు సారా, తేనె, నిమ్మరసం. తేనె అడుగున ఉంటుంది, కలుపుకోకుండా తాగితే మొదట మంట, చివర పానకం. ఇంకో సంగతి, బకార్డీ అడక్కు. 1862లో క్యూబాలోని సాంతియాగోలో పుట్టిన కంపెనీయే, 1960లో జాతీయం చేశాక దేశం దాటింది.

పప్పన్నం (సింగపూర్):
మేం శాకాహారులం, జనవరిలో టికెట్లు అయిపోయాయి. అన్నంలో నల్ల చిక్కుళ్లు కలిపి వండుతారట కదా, అది తినొచ్చా? మందు ముట్టం.

టాంపా తులసి:
జాగ్రత్త. దాన్నే మోరోస్ ఇ క్రిస్తియానోస్ అంటారు. చూడ్డానికి శాకాహారమే, చాలాచోట్ల పందికొవ్వుతో వండుతారు. 'సిన్ మాంతేకా' అని చెప్పండి, అంటే కొవ్వు వద్దని. మాంసం వద్దంటే సరిపోదు, హామ్‌ని కొందరు మాంసం లెక్కలో వెయ్యరు. కాసాలో ఒకరోజు ముందే చెప్పండి. చేమదుంపలాంటి మలంగా, చిలగడదుంప, పండు అరటి వేపుడు ఉంటాయి. జామపండు హల్వాని చీజ్‌తో ఇస్తారు, వదలకండి. తాగడానికి గ్వరాపో, అంటే చెరకు రసమే. నగదు దగ్గర పెట్టుకోండి, అమెరికా బ్యాంకుల కార్డులు పనిచెయ్యవు.

ఇంకోటి. పొద్దున టిఫిన్‌లో బొప్పాయి పెడతారు. దాన్ని హవానాలో పాపాయా అనకండి, ఫ్రూతా బొంబా అనండి. మా అత్తగారు హోటల్లో గట్టిగా పాపాయా కావాలని అడిగితే పక్క బల్లలవాళ్లంతా ఇటు తిరిగారు. ఎందుకో ఇక్కడ రాస్తే మోడరేటర్ గారు తీసేస్తారు.