అప్‌డేట్: గెకోల మేతకు బొద్దింకలు, చివరికి డిస్కాయిడ్లే

మా రెండు లెపర్డ్ గెకోల (పెంపుడు బల్లుల) మేతకు ఏ రకం బొద్దింకలు పెంచాలి, డూబియాలా, రెడ్ రన్నర్లా అని మూడు నెలల క్రితం అడిగాను. ఎక్కువమంది డూబియా అన్నారు. కానీ మేముండేది ఫ్లోరిడాలో, ఇక్కడ పర్మిట్ లేకుండా వాటిని ఉంచుకోకూడదు. అందుకే రెడ్ రన్నర్లు తెచ్చాను. మూత తీయగానే రెండు ఫ్రిజ్ కిందికి దూరాయి. మా ఆవిడ మొహం చూసి ఆ ముచ్చట అక్కడితో ఆపేశాను.

ఇప్పుడు డిస్కాయిడ్లు, ఇవి ఇంకో రకం బొద్దింకలు. నున్నటి ప్లాస్టిక్ డబ్బా గోడ ఎక్కలేవు. నిలబెట్టిన గుడ్ల అట్టలు, క్యారెట్ ముక్కలు, 30 డిగ్రీలు దాటేలా హీట్ మ్యాట్, అంతే. మొన్న అట్ట ఎత్తితే తెల్లటి బుల్లి పిల్లలు! ఇవి గుడ్లు బయట పెట్టవు, పిల్లల్నే కంటాయి. కాసేపటికే గోధుమరంగుకు తిరిగాయి. ఈ పిల్లలు ఎదగడానికి నెలలు పడుతుంది కాబట్టి పెద్దవాటిని మేతకు వాడటం లేదు. అప్పటిదాకా గెకోలకు కొన్న పురుగులే, పైన కాల్షియం పొడి చల్లి.