ప్రాచీన ఈజిప్టులోని నఖాదా పక్షి కుండ లాంటిది చేయాలని ఉంది, మట్టి పని తెలిసినవాళ్లు చెప్పగలరా?

ఫారోల కన్నా ముందు, సుమారు క్రీ.పూ. 3500 నాటి ఈజిప్టు సమాధుల్లో శవం పక్కన పెట్టిన కుండల్లో కొన్ని పక్షి, చేప, నీటిగుర్రం ఆకారాల్లో ఉంటాయి. అలాంటి సమాధులున్న నఖాదా అనే చోట 1894-95లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ బృందం తవ్వింది.

నాకు నచ్చింది పక్షి కుండ. లేత పసుపు రంగు ఒళ్లు, దాని మీద జేగురు రంగు గీతలు, మూతి వీపు మీద, తాడు దూర్చడానికి చిల్లులున్న చెవులు. సారె మీద కాదు, చేత్తోనే చేసినవి.

అక్కడ వాడింది సున్నం ఎక్కువున్న మట్టి. మన చెరువు మట్టి కాలిస్తే ఎర్రగా వస్తుంది కదా, సుద్దపొడి కలిపితే ఆ లేత రంగు వస్తుందా, లేక కాలాక పెచ్చులూడుతుందా? ఎంత మెత్తగా నూరాలి? వాళ్లు కాల్చకముందే రంగు వేసేవాళ్లు. మామూలు జేగురు ఆవం వేడికి నిలుస్తుందా? పొట్ట బోలుగా ఉండాలంటే రెండు ముక్కలుగా చేసి అతకాలా, మట్టిని తాళ్లలా పేని పేర్చుకుంటూ పోవాలా? మూతి చిన్నది, లోపలికి వేలు కూడా పట్టదు.

చేసి చూసినవాళ్లు చెబితే మరీ మంచిది.