ఎస్టీమ్‌కు 4-2-1 హెడర్ వేయించాక చల్లటి ఇంజిన్‌లో టకటక, మైలేజీ తగ్గుదల: ఎక్కడ పొరపాటు జరిగింది?

ఎస్టీమ్_వేళచ్చేరి:

అందరికీ నమస్కారం. నాది 2006 మోడల్ మారుతీ ఎస్టీమ్, 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజిన్. నాన్నగారు చెన్నైలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కొన్న బండి కనుక అమ్మడానికి మనసొప్పడం లేదు. గత ఏడాది దీని పోత ఇనుప ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (నాలుగు సిలిండర్ల పొగనూ ఒకే పైపులోకి చేర్చే భాగం) రెండో సిలిండర్ దగ్గర పగిలింది. చెన్నైలో పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో రెండు ఆదివారాలు వెదికాను కానీ, దొరికిన పాత మానిఫోల్డులన్నీ నా దానికంటే అధ్వానంగా ఉన్నాయి. చివరికి ఒక గ్యారేజీ వారి సలహాతో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో దాని బదులు 4-2-1 హెడర్ (నాలుగు పైపులు రెండుగా, ఆ రెండూ ఒకటిగా కలిసేది) చేయించి బిగించాము. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను (క్యాట్) తీయలేదు, కింది పైపులో అది అలాగే ఉంది. హెడర్ పైపులకు వేడి బయటికి రాకుండా గుడ్డపట్టీ కూడా చుట్టించాను.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ తర్వాత పొద్దున్నే బండి స్టార్టు చేయగానే పక్కింట్లో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటక చప్పుడు మొదలైంది. నాలుగైదు నిమిషాలకు ఇంజిన్ వేడెక్కగానే అది దానంతటదే మాయమవుతుంది. నగరంలో లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇప్పుడు 10 దాటడం లేదు. కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఇంతకు ముందు 0.1 శాతం ఉండేది, ఈసారి 0.42 వచ్చింది. ఈ బండికి 0.5 వరకు అనుమతి ఉన్నందువల్ల గట్టెక్కాను కానీ ఆ అంకె చూస్తే భయమేసింది.

గ్యారేజీలో రెండుసార్లు నట్లు బిగించి, రెండోసారి గ్యాస్కెట్ (అతుకు మధ్య పెట్టే పలుచటి పొర) అంచున ఎర్రటి సిలికాన్ పేస్టు కూడా రాశారు. బిగించిన ప్రతిసారీ నాలుగు రోజులు నిశ్శబ్దంగా ఉండి మళ్ళీ మొదలవుతోంది. అడిగితే "సెట్ ఆయిడుం సార్" (సెట్ అయిపోతుంది సార్) అంటున్నారు. ఆరు వారాలైనా ఏదీ సెట్ కాలేదు. హెడర్‌లోనే లోపం ఉందా, బిగించడంలో ఉందా? తీసి పారేసే ముందు తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

అంబత్తూరు_ఫిట్టర్:

ముందుగా ఒక మనవి: మూడోసారి బిగించనివ్వకండి. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లోంచి స్టడ్ (నట్టు ఎక్కించే మరమేకు) మరతో సహా ఊడి వస్తే ఇప్పటి ఖర్చుకు రెండింతలవుతుంది.

మీరు చెప్పిన మూడు లక్షణాలకూ మూలం ఒక్కటే. హెడ్‌కూ హెడర్ ఫ్లాంజికీ (హెడర్‌ను హెడ్‌కు బిగించే పలక) మధ్య సన్నటి సందు ఉంది. చల్లగా ఉన్నప్పుడు అందులోంచి వాయువు తన్నుకొస్తుంది, లోహం వేడెక్కి సాగగానే సందు మూసుకుపోతుంది, చప్పుడు ఆగుతుంది. అది ఒక పోర్టుదా (సిలిండర్ పొగ బయటికొచ్చే రంధ్రం), ఎక్కువ పోర్టులదా అన్నది చెవితోనే అంచనా వేయవచ్చు. చల్లటి ఇంజిన్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండరూ సెకనుకు పదిసార్లు పొగ వదులుతుంది. లెక్కపెట్టగలిగేంత విడివిడిగా టిక్కులు వినిపిస్తే ఒకే పోర్టు అనుకోండి, గలగలా కలిసిపోయి వినిపిస్తే ఒకటికి మించి ఉన్నట్టు.

మైలేజీ సంగతి చాలామందికి వింతగా తోస్తుంది, పొగ బయటికి పోతే పెట్రోలు ఎందుకు ఎక్కువ తాగాలని అడుగుతారు. పొగ పైపులో ఏకధారగా పారదు, తరంగాలుగా వెళుతుంది. ఒక్కో తరంగం వెనుక పీడనం బయటి గాలికంటే తగ్గే క్షణం ఉంటుంది. ఆ క్షణంలో అదే సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడుతుంది. కింద ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌కు ఆ గాలి తగిలితే, ఇంజిన్‌లో పెట్రోలు తక్కువైందని అది కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ నమ్మి పెట్రోలు పెంచుతుంది. మీ 0.42 శాతం అక్కడి నుంచి వచ్చిందే. నమ్మకం కుదరకపోతే వేడి ఇంజిన్ మీద సెన్సర్ సిగ్నల్ తీగకు మల్టీమీటర్ పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది, చాలాసేపు 0.1 దగ్గరే పడి ఉంటే గాలి కలుస్తున్నట్టు లెక్క. మూసుకుపోయిందనుకున్న సందు వేడిలోనూ కొద్దిగా పీలుస్తుంది, చప్పుడు లేనంత మాత్రాన లీకు లేదనుకోకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ ఫ్లాంజి పొడవు సుమారు 33 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. 304 స్టీలు ఒక డిగ్రీకి మీటరుకు 17 మైక్రాన్లు సాగుతుంది. ఫ్లాంజి 230 డిగ్రీలు వేడెక్కితే మొత్తం మీద ఒకటింబావు మిల్లీమీటరు పొడుగవుతుంది. అల్యూమినియానికి సాగే గుణం ఇంకా ఎక్కువే అయినా, లోపల నీళ్ళు తిరుగుతున్నందున హెడ్ 70 డిగ్రీలకు మించి వేడి పెరగదు, అందువల్ల అది అర మిల్లీమీటరు దగ్గరే ఆగిపోతుంది. మిగిలిన తేడా రెండు చివర్లకూ పంచుకుంటే ఒక్కో వైపు 0.4 మిల్లీమీటర్లు వస్తుంది. చివరి స్టడ్ల దగ్గర రంధ్రాలు బిగుతుగా ఉంటే ఫ్లాంజికి సాగే చోటు లేక విల్లులా వంగుతుంది, చల్లారాక పూర్తిగా వెనక్కి రాదు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే జరిగితే నెల రోజుల్లో టకటక మొదలవడంలో ఆశ్చర్యం లేదు. కంపెనీ మానిఫోల్డు పోత ఇనుముది, అది 304 కంటే బాగా తక్కువ సాగుతుంది, పైగా రంధ్రాలు వదులుగా ఇస్తారు. హెడర్ చేసేవారిలో చాలామంది పాత గ్యాస్కెట్‌ను అచ్చుగా పెట్టి 8 మిల్లీమీటర్ల స్టడ్‌కు ఎనిమిదిన్నర రంధ్రం తొలిచి వదిలేస్తారు.

కాబట్టి హెడర్‌ను విప్పించండి. ఫ్లాంజి ముఖం మీద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచటి పత్తీల కట్ట) కొలవండి, 0.1 మిల్లీమీటరు పత్తీ ఎక్కడైనా సులువుగా దూరితే లేతు షాపులో ఫేసింగ్ చేయించి ఆ ముఖాన్ని చదును చేయించాల్సిందే. మధ్య రంధ్రాలను అలాగే ఉంచి, చివరి వాటిని పొడవు దిశలో పదికి పెంచి కోలగా చేయించండి. సాగిన స్టడ్లను మళ్ళీ వాడకండి. గ్యాస్కెట్ పలుచటి ఉక్కు పొరలది గాని గ్రాఫైటుది గాని కొత్తది వేయండి, దాని అంచు పోర్టులోకి పొడుచుకు రాకుండా చూసుకోండి. ఆ ఎర్ర పేస్టును మాత్రం పూర్తిగా గోకేయండి. ఆ వేడికి అది నిలవదు సరికదా, సిలికాన్ ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది. బిగింపు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తోనే జరగాలి. 8 మిల్లీమీటర్ల స్టడ్‌కు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అయినా మీ సర్వీసు మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. పొడుగు పానా పట్టుకుని ఊపిరి బిగపట్టి లాగేది బిగింపు కాదు.

తిరువాన్మియూరు_తీరం:

ఫిట్టర్ గారు జాయింటు సంగతి చెప్పారు కనుక నేను గుడ్డపట్టీ గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే దాని వల్ల నష్టపోయినవాణ్ణి. మా ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు. పట్టీ చుట్టించి ఒక్క వానాకాలం గడిచాక విప్పితే, మామూలు ఇనుముతో చేసిన నా హెడర్ అరటిపండు తొక్కలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. పట్టీ నీటిని పీల్చి పట్టుకుంటుంది, ఈ ఊరి గాలిలోని ఉప్పు దానికి తోడవుతుంది, ఇక లోపల లోహం వేడి బయటికి పోక మరింత కాలుతూ ఉంటుంది. మీది 304 కనుక అంత త్వరగా పోదు, కానీ వెల్డింగు అతుకుల దగ్గర మచ్చలు మొదలై ఉండవచ్చు. పందెం బండ్లకు పట్టీ పనికొస్తుంది, వాటిని ఎండలో నడిపి షెడ్డులో పెడతారు, హెడర్‌ను ఏడాదికోసారి మారుస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వేళచ్చేరి నీళ్ళలో ఈదే బండికి అది అనవసరం. పట్టీ తీసేసి, కంపెనీ రేకు కవచాన్ని కొత్త ఆకారానికి సరిపోయేలా మళ్ళీ బిగించుకోండి. ఖర్చు పెట్టగలిగితే సిరామిక్ పూత వేయించవచ్చు. కాలుతున్న హెడర్‌తో నిలిచిన నీళ్ళలోకి దూకించకండి, అతుకులు పగిలేది అప్పుడే.

పాత_కార్బురేటర్:

మానిఫోల్డు దొరకక చేయించారు కాబట్టి మీ విషయంలో అభ్యంతరం లేదు. శక్తి పెరుగుతుందని చేయించేవారికి మాత్రం ఒక మాట. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టూ గాలి దారీ కంపెనీవే అయితే ఈ ఇంజిన్‌లో హెడర్ ఒక్కదాని వల్ల వచ్చేది మహా అయితే నాలుగైదు గుర్రాలు, అవి కూడా కత్తిపారా ఫ్లైఓవర్ మీద రెండో గేరులో పాకుతున్నప్పుడు కనిపించవు.

మీరు పెట్టిన హెడర్ ఫొటో పెద్దది చేసి చూశాను. మంటలు అందుకునే వరుస 1-3-4-2 అయిన ఇంజిన్‌కు 4-2-1 హెడర్‌లో ఒకటీ నాలుగూ ఒక జంటగా, రెండూ మూడూ ఒక జంటగా కలపడం మామూలు పద్ధతి. మీ వెల్డరు అదే చేశారు, పని తెలిసినవారే. పైగా కలిసే చోటి తర్వాత మెత్తటి బెలోస్ (వంగే మడతల గొట్టం) ముక్క కూడా కనిపిస్తోంది. అది లేకపోతే ఇంజిన్ ఊగిన ప్రతిసారీ బరువంతా ఫ్లాంజి మీద పడేది. ఇంజిన్‌ను మోసే మౌంట్ల రబ్బర్లు చూపించారా? పందొమ్మిదేళ్ళ రబ్బరు చిరిగిపోయి ఉంటే ఎంత మంచి ఫేసింగ్ అయినా నిలవదు.

క్యాట్ తీయనందుకు అభినందనలు. అది తీసేస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు దాటితే మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా గాని మూడు నెలల వరకు జైలు గాని రెండూ గాని పడవచ్చు, ఆపైన లైసెన్సు మూడు నెలలు పోతుంది. ఇది చదివి కొత్త బండికి కూడా చేయించాలనుకునేవారు ముందు బానెట్ ఎత్తి చూడండి. ఫోక్స్‌వాగన్ ఈఏ211 కుటుంబం వంటి ఇంజిన్లలో మానిఫోల్డు హెడ్‌తోపాటే పోత పోసి ఉంటుంది, హెడర్ బిగించడానికి అక్కడ చోటే ఉండదు.

ఎస్టీమ్_వేళచ్చేరి:

మూడు వారాల తర్వాత ఫలితం చెబుతున్నాను, ఆలస్యానికి మన్నించండి.

విప్పే ముందు రోజు పొద్దున, అప్పుడే స్టార్టు చేసిన చల్లటి ఇంజిన్ దగ్గర, రేడియేటర్ ఫ్యాన్ తిరగకుండా ఉన్నప్పుడు, వెలిగించిన అగరుబత్తిని ఫ్లాంజి వెంట మెల్లగా జరిపాను. మూడు పోర్టుల దగ్గర పొగ నిటారుగా లేచింది, నాలుగో పోర్టు కింది మూలకు రాగానే ఊది ఆర్పినట్టు చెదిరిపోయింది. విప్పి చూస్తే సరిగ్గా అక్కడే గ్యాస్కెట్ మీద బొటనవేలి గోరంత నల్లటి మసి చార ఉంది. స్కేలు ఆనిస్తే ఆ చివర 0.3 పత్తీ అడ్డం లేకుండా దూరింది. గిండీ పారిశ్రామికవాడలో ఒక లేతు షాపులో ఫేసింగ్ చేయించి, చివరి రెండు రంధ్రాలను కోలగా తొలిపించాను. నాలుగో పోర్టు కింది స్టడ్ మిగిలిన వాటికంటే ఒక మర పొడుగు తేలింది, అంటే సాగిపోయింది. స్టడ్లన్నీ మార్చాను. వెనుక వైపు మౌంట్ రబ్బరు కూడా చిరిగే ఉంది. పట్టీ తీస్తే అతుకుల దగ్గర గోధుమ రంగు మచ్చలు కనిపించాయి కానీ లోతుగా లేవు.

ఇప్పుడు పొద్దున స్టార్టు చేస్తే టకటక లేదు. నిన్న తడ, సూళ్ళూరుపేట మీదుగా నెల్లూరు వెళ్ళి వచ్చాను, హైవే మీద లీటరుకు 16 వచ్చింది. నగరంలో మళ్ళీ 13 కు దగ్గరవుతోంది. కార్బన్ మోనాక్సైడ్ మళ్ళీ కొలిపిస్తే 0.12 చూపింది. గ్యారేజీ వారికి ఆ వంగిన కొలత చెబితే "అప్పడియా సార్" (అలాగా సార్) అని ఊరుకున్నారు. ఇక మిగిలింది ఒక్క సందేహం: నట్లను మళ్ళీ ఎప్పుడు చూడాలి?

అంబత్తూరు_ఫిట్టర్:

నెల్లూరు వెళ్ళి వచ్చారు కనుక ఇప్పుడే చూడండి. రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీద, పొద్దున స్టార్టు చేయకముందు, అదే టార్క్‌కు రెంచ్ పెట్టి మధ్య నుంచి బయటికి వెళ్ళండి. కొత్త గ్యాస్కెట్ కొద్దిగా అణుగుతుంది కాబట్టి ఒకటి రెండు నట్లు పావు చుట్టు తిరిగితే కంగారు పడనక్కర్లేదు. వెయ్యి కిలోమీటర్లకు మరోసారి, ఆ తర్వాత ఆయిల్ మార్చినప్పుడల్లా చూస్తే చాలు. ఏ నట్టయినా ప్రతిసారీ తిరుగుతూనే ఉంటే దాన్ని బిగించకుండా ఇక్కడ రాయండి, హెడ్‌లో మర పోతున్నదేమో చూడాల్సి ఉంటుంది.