‘మొక్కుబడి గణతంత్రవాది’ అనొచ్చా? వైమార్ జర్మనీ నాటి ఒక మాట గురించి

ప్రశ్న:
డిగ్రీ పిల్లల కోసం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య జర్మనీ (వైమార్ ఊళ్ళో రాజ్యాంగం రాసుకున్న రిపబ్లిక్) మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను: ఫెర్నున్‌ఫ్ట్‌రెపుబ్లికానర్. ఫెర్నున్‌ఫ్ట్ అంటే వివేకం, బుద్ధి. మనసులో రాజరికం మీదే మమకారం ఉన్నా, ఇక రిపబ్లిక్ తప్ప దారి లేదని ఒప్పుకున్నవాళ్ళని అలా అనేవారు. ‘మొక్కుబడి గణతంత్రవాది’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు:
బాగానే ఉందండీ. ‘మొక్కుబడిగా వచ్చి వెళ్ళాడు’ అంటాం కదా, చదవగానే తెలిసిపోతుంది.

జవాబు:
‘అవకాశవాద’ అంటే ఇంకా సూటిగా ఉంటుంది. ఏ ఎండకా గొడుగు పట్టినవాళ్ళేగా!

జవాబు:
రెండూ వద్దండీ. మన నోట్లో ఆ రెండూ తిట్లే. ఈ మాట మాత్రం ఎవరో ఎవరినో తిట్టింది కాదు. చరిత్రకారుడు ఫ్రీడ్రిష్ మైనెకే 1919లో తన గురించి తానే చెప్పుకున్నాడు: గతం వైపు చూస్తే హృదయం రాజరికానిదే, భవిష్యత్తు వైపు చూస్తే వివేకం రిపబ్లిక్‌ని ఎంచుకుంటోంది అని. జర్మనీ చక్రవర్తి కైజర్ అప్పటికే హాలండ్‌కి వెళ్ళిపోయాడు. దాచుకోకుండా ఇలా చెప్పుకోవడానికి కొంచెం ధైర్యం కావాలి. అదే మైనెకే 1926లో, రాజ్యాంగానికి అండగా నిలబడదామంటూ వైమార్‌లో సమావేశమైన ప్రొఫెసర్లలో ఒకడు. అప్పట్లో విశ్వవిద్యాలయాల గాలి రాజరికం వైపే వీచేదని తెలిస్తే అది చిన్న పని కాదని ఒప్పుకుంటారు.

ఇంకా గట్టి ఉదాహరణ గుస్తావ్ ష్ట్రేజెమాన్. ఆయన పార్టీ 1919లో వైమార్ రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటేసింది. అదే మనిషి 1923 ఆగస్టులో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయ్యాడు. రొట్టె ధర గంటగంటకీ మారుతున్న రోజులు అవి. ఆయన హయాంలోనే కొత్త కరెన్సీ మార్క్ వచ్చి ధరలు నిలబడ్డాయి. తర్వాత 1929 అక్టోబరులో చనిపోయేదాకా విదేశాంగ మంత్రి. పొరుగు దేశాలతో సరిహద్దుల మీద లొకార్నో ఒప్పందం, నానాజాతి సమితిలో సభ్యత్వం, 1926లో ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి బ్రియాండ్‌తో కలిసి నోబెల్ శాంతి బహుమతి... ఇంత పని మొక్కుబడిగా అయ్యేది కాదు.

జవాబు:
మరి అంత వివేకం ఉంటే ఆ రిపబ్లిక్ ఎందుకు నిలబడలేదు మాస్టారూ?

జవాబు:
ఒక్క మాటలో చెప్పేది కాదు గానీ, జెండా సంగతి చెప్తాను. రాజ్యాంగం ప్రకారం రంగులు నలుపు, ఎరుపు, బంగారం. రాజరికపు జెండా నలుపు, తెలుపు, ఎరుపు. రాజరికం వైపున్న కుడిపక్షం వాళ్ళు కొత్త జెండాలోని బంగారాన్ని ‘ఆవముద్ద’ అని వెక్కిరించేవారు: నలుపు, ఎరుపు, ఆవముద్ద! దేశం జెండాని బాహాటంగా అలా ఎగతాళి చేసేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. 1926లో ఛాన్సలర్ లూటర్, విదేశాల్లోని కొన్ని దౌత్య కార్యాలయాల మీద పాత రంగుల వర్తక నౌకల జెండా కూడా ఎగరేయొచ్చన్నాడు. ఆ గొడవలోనే అతని ప్రభుత్వం పడిపోయింది. అంటే జనానికి అసలు మమకారమే లేదనడం కూడా తప్పే. 1920 మార్చిలో కాప్ అనేవాడు సైనికులతో బెర్లిన్‌ని పట్టుకుంటే ప్రభుత్వం పారిపోయింది. దాన్ని కాపాడింది కార్మికుల సార్వత్రిక సమ్మె. కాప్ ఆట కొన్ని రోజుల్లోనే కట్టింది. వాళ్ళది మాత్రం ఉత్త బుద్ధి కాదు.

కానీ ఓట్ల లెక్క చూడండి. 1919 జనవరిలో రిపబ్లిక్‌ని నిలబెట్టిన మూడు పార్టీలకీ (సోషల్ డెమోక్రాట్లు, క్యాథలిక్ సెంటర్, డెమోక్రాట్లు) కలిపి నాలుగింట మూడొంతుల ఓట్లు. పదిహేడు నెలలు తిరిగేసరికి సగం కూడా దాటలేదు. ఆ మెజారిటీ మళ్ళీ ఎప్పుడూ రాలేదు. మైనెకే లాంటివాళ్ళ డెమోక్రాట్ పార్టీ 18 శాతం పైనుంచి 1932కి ఒక శాతానికి జారింది. మాంద్యం వచ్చి అరవై లక్షల మంది పని లేకుండా రోడ్డున పడ్డారు. ఫలితం చూసి ఒప్పుకున్నవాళ్ళు, ఫలితం ఆగగానే లేచి వెళ్ళిపోయారు. నా దృష్టిలో ఆ మాటలోని లోపం ఇదీ. నిజాయితీ లేకపోవడం మాత్రం కాదు.

ప్రశ్న వేసినవారే మళ్ళీ:
చాలా థాంక్సండీ. పాఠంలో తర్వాతి శీర్షిక ‘ప్రతిపక్షాలు’ అని పెట్టాను, నాజీలూ కమ్యూనిస్టులూ అందులోనే ఉన్నారు.

జవాబు:
ఆ శీర్షిక మార్చండి. ఈ ప్రభుత్వం పోవాలి, మేం రావాలి, ఆట మాత్రం ఇదే నియమాలతో సాగాలి అనేవాళ్ళని ప్రతిపక్షం అంటాం. వీళ్ళు ఆటే వద్దన్నారు. నాజీలు రిపబ్లిక్‌ని పేరు పెట్టి కూడా పిలిచేవారు కాదు, ‘ఆ సిస్టమ్’ అనేవారు. 1932 జులై ఎన్నికల తర్వాత పార్లమెంటులో 608 సీట్లలో నాజీలవి 230, కమ్యూనిస్టులవి 89. ఇద్దరూ బద్ధశత్రువులు, అయినా కలిపితే సగం దాటేశారు. సెప్టెంబరు 12న ఛాన్సలర్ పాపెన్ సభ రద్దు ఉత్తర్వు చేత్తో పట్టుకుని మాట్లాడతానంటుంటే, సభాధ్యక్ష స్థానంలో ఉన్న నాజీ నాయకుడు గోరింగ్ అటు చూడనట్టే నటించి, కమ్యూనిస్టులు పెట్టిన అవిశ్వాస తీర్మానం మీద ఓటింగ్ మొదలెట్టాడు. పాపెన్ ఆ కాగితం గోరింగ్ బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. తీర్మానానికి అనుకూలం 512, వ్యతిరేకం 42. కూల్చడానికి అంతమంది ఉన్నారు, కట్టడానికి ఎవరూ లేరు. ఇప్పటి జర్మన్ రాజ్యాంగంలో కొత్త ఛాన్సలర్‌ని ఎన్నుకుంటే తప్ప పాతవాణ్ణి దించలేని నియమం ఉంది చూశారూ, అది ఈ అనుభవం తర్వాత పెట్టుకున్నదే.

‘రిపబ్లిక్ వ్యతిరేకులు’ అని రాస్తే సరి.

జవాబు:
అసలు మాటకి ‘బుద్ధి గణతంత్రవాది’ అంటే?

జవాబు:
పిల్లలు బుద్ధిమంతుడు అనుకుంటారండీ! ‘వివేక గణతంత్రవాది’ అని రాసి, పక్కనే మైనెకే మాట ఒక వాక్యంలో విడమరచండి.

ప్రశ్న వేసినవారే:
అలాగే. మరి హిండెన్‌బర్గ్‌ని ఎందులో వేయాలి?

జవాబు:
ఎందులోనూ ఇమడడు. కైజర్ సేనాని, 1925లో అధ్యక్షుడై ఆ రాజ్యాంగం మీదే ప్రమాణం చేశాడు. 1932లో హిట్లర్‌ని ఆపడానికి సోషల్ డెమోక్రాట్లు కూడా ఇతనికే ఓటేయాల్సి వచ్చింది. 1933 జనవరి 30న ఛాన్సలర్‌గా హిట్లర్‌ని నియమించిందీ ఇతనే.