కళ్ళజోడు తీస్తే పాప మెల్ల ఇంకా ఎక్కువగా కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
పాపకి మూడున్నరేళ్ళు. ఎడమ కన్ను ముక్కు వైపు తిరుగుతోందని చూపిస్తే, మూడు రోజులు అట్రోపిన్ (కంటిలోపలి కండరాన్ని సడలించే మందు) ఆయింట్‌మెంట్ పెట్టించి పరీక్ష చేశారు. రెండు కళ్ళకీ ప్లస్ 5 పవర్ వచ్చింది. జోడు పెడితే కళ్ళు తిన్నగా ఉంటున్నాయి, తీస్తే మెల్ల మునుపటికంటే ఎక్కువ. అద్దాల వల్లే పెరిగిందా? పైగా బాగున్న కుడి కన్నుకి రోజూ 2 గంటలు ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) రాశారు. మెల్ల అదృష్టమని, పెద్దయ్యాక ఆపరేషన్ చేయించవచ్చని ఇంట్లో అంటున్నారు.

జవాబు 1:
అద్దాల వల్ల పెరగలేదండి. ప్లస్ పవర్ ఉన్న పిల్లలు దూరం చూడాలన్నా కంటిలోపలి కండరాన్ని బిగించాలి. అది బిగిస్తే కళ్ళు రెండూ లోపలికి తిరగడం సహజం, దగ్గరి వస్తువు చూసేటప్పుడు మనందరికీ జరిగేదే. ప్లస్ 5కి ఆ బిగింపు మరీ ఎక్కువై కన్ను మెల్లవుతుంది. అద్దం ఆ శ్రమ తీసేస్తుంది. స్పష్టమైన చూపు రుచి మరిగిన పాప, జోడు తీయగానే మసకను ఒప్పుకోక ఇంకా గట్టిగా బిగిస్తుంది. జోడుతో తిన్నగా ఉన్నాయంటే వైద్యం పనిచేస్తున్నట్టే. లేచింది మొదలు పడుకునేదాకా ఉంచండి. ఫ్రేమ్ జారితే పైనుంచి చూసేస్తారు, వెనక ఎలాస్టిక్ బ్యాండ్ కట్టండి.

జవాబు 2:
ప్యాచ్ సంగతి. రెండు బొమ్మలు కనబడకుండా మెదడు మెల్లకన్ను బొమ్మను పక్కన పెట్టేస్తుంది, దాంతో ఆ కన్నుకి చూపు ఎదగదు. కుడి కన్ను మూస్తే ఎడమదాన్ని వాడక తప్పదు. ప్యాచ్ చర్మానికే అంటించి, పైన జోడు పెట్టండి. అద్దానికి అంటిస్తే పక్క సందులోంచి తొంగి చూస్తారు. ఆ 2 గంటలూ రంగులు వేయడం, పూసలు గుచ్చడం లాంటి దగ్గరి పని ఇవ్వండి. ప్యాచ్‌ని తడిపి తీస్తే చర్మం ఊడిరాదు. త్వరగా తగ్గాలని గంటలు మీరే పెంచకండి, మంచి కన్ను చూపు తగ్గే ప్రమాదం ఉంది. అందుకే చెప్పిన తేదీకి తప్పకుండా చూపించాలి.

జవాబు 3:
అదృష్టమన్న మాట నమ్మి ఆగొద్దు, దయచేసి. చూపు బాగా అందుకునేది ఏడేళ్ళలోపే. పెద్దయ్యాక ఆపరేషన్‌తో కన్ను తిన్నగా నిలబడుతుంది కానీ పోయిన చూపు రాదు. ఆపరేషన్ అనేది జోడు పెట్టినా ఇంకా మిగిలిన మెల్లకే, పవర్‌ని అది తీసేయదు. ఫ్లాష్ ఫొటోలో కంటిపాప తెల్లగా మెరిసినా, ఉన్నట్టుండి మెల్ల వచ్చి తలనొప్పి, వాంతులు తోడైనా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మెల్ల కుటుంబాల్లో నడుస్తుంది, పాపకి తమ్ముడో చెల్లో ఉంటే వాళ్ళ పవర్ కూడా చూపించండి.